లైవ్ డేటాబేస్‌కు డిస్క్ పెంచడం పది నిమిషాల పని, అది ఎందుకు నిండిందో చూశారా?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌లో డిస్క్ 90 శాతం దాటింది, సర్వీస్ ఆపకుండా ఎలా పెంచాలి, డౌన్‌టైమ్ (సర్వీస్ ఆపే సమయం) ఎంత అడగాలి అని మీరు అడిగారు. డిస్క్ ఎల్‌వీఎం మీద ఉంటే (లైనక్స్‌లో డిస్కులను కలిపి, నడుస్తుండగానే చోటు పెంచుకునే ఏర్పాటు) అసలు అడగక్కర్లేదు. కానీ డౌన్‌టైమ్ ఫారంలో సున్నా అని మాత్రం రాయకండి. నేను రాస్తే "అలా కుదరదు" అని తిప్పి పంపారు. 30 నిమిషాలని రాస్తే వెంటనే అప్రూవ్ చేశారు.

ఒక దసరా సెలవుల్లో టీమ్‌లో సగం మంది ఊళ్లకు పోయారు. రాత్రి 1:40కి అలర్ట్ వచ్చింది, 500 జీబీ డిస్క్ 97 శాతం. మా సీనియర్ విజయవాడ బస్సులో ఉన్నాడు. "అన్నా, పీజీ వాల్ ఫోల్డర్‌లో పాత ఫైళ్లు కుప్పలుగా ఉన్నాయి, కొన్ని తీసేయనా?" అన్నాను. "దాని మీద చెయ్యి వేశావంటే రేపు నువ్వు కూడా ఊరికి బస్సెక్కొచ్చు" అన్నాడు. డేటాలో ప్రతి మార్పునూ పోస్ట్‌గ్రెస్ ముందుగా రాసిపెట్టుకునేది ఈ వాల్ ఫైళ్లలోనే, అవి పోతే డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు. మామూలు లాగ్ ఫైళ్లనుకుని తీసేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ముందు ఒక చిట్కా చెప్పాడు. ఈఎక్స్‌టీ4 అనే లైనక్స్ ఫైల్‌సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటు రూట్ యూజర్ (సర్వర్ అడ్మిన్) కోసం దాచి ఉంచుతుంది, పోస్ట్‌గ్రెస్‌కు అది అందదు. ట్యూన్‌టూఎఫ్‌ఎస్ కమాండ్‌తో దాన్ని 1 శాతానికి దించగానే 20 జీబీ దొరికింది. తర్వాత ఆ సర్వర్ నడిచే వీఎంకు (వర్చువల్ మెషీన్‌కు) 200 జీబీ కొత్త డిస్క్ తగిలించి పీవీక్రియేట్, వీజీఎక్స్‌టెండ్, ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్లు వరసగా కొట్టాను, కొత్త డిస్క్‌ను ఎల్‌వీఎంలో కలిపి వాల్యూమ్ పెంచేవి అవే. డిస్క్‌లో చోటెంతో చూపే డీఎఫ్ కొట్టి చూస్తే పాత సైజే! గుండె జారిపోయింది. ఎల్‌వీఎక్స్‌టెండ్‌కు మైనస్ ఆర్ పెట్టడం మరిచాను. అది లేకపోతే వాల్యూమ్ పెరుగుతుంది గానీ ఫైల్‌సిస్టమ్ పెరగదు. ఫైల్‌సిస్టమ్‌ను పెంచే రీసైజ్‌టూఎఫ్‌ఎస్ విడిగా నడిపితే సరిపోయింది. ఒక్క కనెక్షన్ కూడా తెగలేదు.

హీరోలా నిద్రపోయాను. మూడో రోజు సాయంత్రానికి మళ్లీ 85 శాతం.

అప్పుడు రెప్లికేషన్ స్లాట్లు చూశాం, అంటే కాపీ సర్వర్ ఎంతవరకు డేటా తీసుకుందో పోస్ట్‌గ్రెస్ పెట్టుకునే గుర్తులు. నెల కిందట తీసేసిన స్టాండ్‌బై (కాపీ) సర్వర్ స్లాట్ అలాగే ఉండిపోయింది. లేని సర్వర్ వచ్చి తీసుకుంటుందని పోస్ట్‌గ్రెస్ వాల్ ఫైళ్లన్నీ దాచిపెడుతూనే ఉంది. స్లాట్ డ్రాప్ చేసి, అక్కర్లేని వాల్ ఫైళ్లు పోయేలా చెక్‌పాయింట్ కమాండ్ ఇస్తే 41 శాతానికి దిగింది. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి స్లాట్ ఎంత వాల్ దాచాలో పరిమితి పెట్టే సెట్టింగ్ ఉంది, కానీ మామూలుగా పరిమితి లేకుండానే వస్తుంది. మీరు ఈరోజే పెట్టుకోండి.

ఆ 200 జీబీ ఇప్పటికీ అక్కడే ఉంది. బిల్లు చూసి "వాడట్లేదుగా, తగ్గించండి" అని ప్రతి మూడు నెలలకూ మెయిల్ వస్తుంది. ఈఎక్స్‌టీ4ని తగ్గించాలంటే అన్‌మౌంట్ చెయ్యాలి, అంటే డేటాబేస్ ఆపాలి. డౌన్‌టైమ్ ఫారం నింపి పంపాను. ఇంకా అప్రూవ్ కాలేదు.