యాపిల్ సాస్‌కి కుక్కర్ ఎక్కించకు అమ్మాయ్

బంగారూ,

యాపిల్ తోటకి వెళ్లి సగం బుషెల్ (ఇక్కడి పళ్ల కొలత) సంచి నింపుకొచ్చామని, ఫ్రిజ్‌లో చోటు చాలక మిగతావి గరాజ్‌లో పెట్టామని నువ్వు పంపిన మెసేజ్ చూసి నవ్వొచ్చింది. మిషిగన్ వచ్చిన మొదటి ఏడు మనవాళ్లందరూ చేసే పనే ఇది, సంచికి డబ్బు కట్టాం కదా అని సంచి చినిగేదాకా కోస్తారు. ఇరవై పౌండ్లు దాటి ఉంటాయి, నువ్వూ మీ ఆయనా కూర్చుని ఎన్నని కొరుక్కు తింటారు. సాస్ చేసెయ్, అంటే ఉడికించి మెదిపిన యాపిల్ గుజ్జే. చంటాడికి ఏడో నెల పడింది కాబట్టి వాడికి పెట్టొచ్చు, మీ అత్తగారు గుడ్డు ముట్టరు కాబట్టి ఆవిడ ఉన్నన్నాళ్లూ కేకులోకీ పనికొస్తుంది.

కుక్కర్‌లో పడేసి రెండు విజిల్స్ తెప్పిస్తే చాలదా పెద్దమ్మా అన్నావు చూడు, అది మాత్రం వద్దు. యాపిల్ ఉడికేటప్పుడు బాగా నురగ కడుతుంది, ఆ నురగతో పాటు గుజ్జు పైకి పొంగి విజిల్ కింది రంధ్రంలో ఇరుక్కుందంటే ఆవిరి పోవడానికి దారి ఉండదు. కుక్కర్‌తో పాటు వచ్చే చిన్న పుస్తకం మనం ఎవరం చదవం గానీ, యాపిల్ సాస్ ఇందులో వండొద్దని చాలా కంపెనీల వాళ్లు పేరు పెట్టి మరీ రాస్తారు. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌లో చేసుకునేవాళ్లు లేకపోలేదు, సగం కూడా నింపకుండా పెట్టి ఆవిరి దానంతటదే దిగేదాకా ముట్టుకోకుండా కూర్చుంటారు. గిన్నెలో ఇరవై నిమిషాల్లో అయ్యేదానికి అంత టెన్షన్ ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక కాయల సంగతి, అసలు రుచంతా ఇక్కడే ఉంది. మీరు కోసిన వాటిలో మెకింటాష్ ఎక్కువ ఉన్నాయన్నావు కాబట్టి నీకు సగం పని తప్పినట్టే. ఆ కాయ ఉడుకుతుంటే దానంతటదే కరిగిపోతుంది, పులుపూ తీపీ రెండూ ఉంటాయి, వాసన ఇల్లంతా పట్టుకుంటుంది. ఒక్క మెకింటాష్‌తోనే చేస్తే కాస్త పల్చగా వస్తుంది, అందుకని మూడొంతులు అది వేసి ఒక వంతు గోల్డెన్ డెలిషసో జొనాథనో కలుపు. గాలా, ఫ్యూజీ బాగా తీపి, పంచదార అక్కర్లేదు గానీ ఫ్యూజీ ఓ పట్టాన మెత్తబడదు. హనీక్రిస్ప్ కొరుక్కు తినడానికే, అంత ధర పెట్టి కొన్నదాన్ని ఉడికించడానికి నాకు మనసొప్పదు. మన ఊళ్లో జ్వరమొచ్చినవాళ్లని చూడ్డానికి పట్టుకెళ్లే ఎర్రటి డెలిషస్ ఉంది చూడు, అది మాత్రం సాస్‌లో చప్పగా ఉంటుంది, వద్దు. మళ్లీ తోటకి వెళ్తే కౌంటర్‌లో సెకండ్స్ ఉన్నాయా అని అడుగు. మచ్చలున్నవీ, వంకర తిరిగినవీ పక్కన పెట్టి చవగ్గా ఇస్తారు, సాస్‌కి అందంతో పనేముంది. చెట్టు కింద రాలినవి మాత్రం ఏరుకోకు, ఆ తోటల్లో జింకలు తిరుగుతాయి, వాటి పెంట అంటి ఉండొచ్చు.

ఒక వాయికి మూడు పౌండ్లు చాలు, ఎనిమిదో తొమ్మిదో మధ్యరకం కాయలు వస్తాయి, దాంతో సుమారు నాలుగు కప్పుల సాస్ తయారవుతుంది. బాగా రుద్ది కడిగి, చెక్కు తీసి, నాలుగు చెక్కలు చేసి, గింజలున్న నడిమి భాగం చెక్కేసి పారెయ్. గింజలు నలిగితే చేదు, మంచిది కూడా కాదు. తొక్క పారెయ్యకు. ఎర్రటివి ఏరి పల్చటి గుడ్డలో మూటకట్టి గిన్నెలో వెయ్యి, ఉడికాక మూట తీసి గరిటెతో నొక్కి పిండితే సాస్ లేత గులాబీ రంగులోకి వస్తుంది. చంటాడికి రంగుతో పని లేదు గానీ మనకి కళ్లకి బాగుంటుంది.

అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకో, అన్నం వండే పల్చటి గిన్నె అయితే అడుగంటుతుంది. నీళ్లు అరకప్పు పొయ్యి, అంతే. ఇంత తక్కువా అని నీకు అనుమానం వస్తుంది, వచ్చినా ఇంకో కప్పు పొయ్యకు, యాపిల్‌లో ఉండేదే ఎక్కువగా నీరు. మూత పెట్టి సన్న సెగ మీద ఉంచు. మొదటి ఐదు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, ముక్కలు గట్టిగా, అడుగున కాసిని నీళ్లు చిటచిటలాడుతూ. తర్వాత అంచులు ఉబ్బి దూదిలా విచ్చుకోవడం మొదలవుతుంది, చుట్టూ తెల్లటి నురగ లేస్తుంది, అప్పట్నుంచీ పొయ్యి దగ్గరే నిలబడి చెక్క గరిటెతో అడుగు నుంచి కలుపుతూ ఉండు. చిక్కబడే కొద్దీ టప్ టప్‌మని చిమ్ముతుంది, ఆ చుక్క చేతి మీద పడితే బొబ్బే, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని మాత్రం ఈ పని చెయ్యకు.

మెత్తబడ్డాక పప్పు గుత్తి తీసుకుని మెదుపు. ఎవరెవరో ఏవేవో పరికరాలు కొనమంటారు గానీ, కాస్త పలుకుగా ఉండే సాస్‌కి మన పప్పు గుత్తిని మించింది లేదు. పిల్లాడికి మెత్తగా కావాలంటే ఆ కాస్త విడిగా తీసి, పూర్తిగా చల్లారాక మిక్సీలో వెయ్యి, వేడివేడిగా వేసి మూత బిగిస్తే ఆవిరికి మూత ఎగిరి గోడంతా యాపిలే. చాలిందో లేదో తెలియాలంటే ఒక చెంచాడు ప్లేటులో వేసి నిమిషం ఆగి చూడు, చుట్టూ నీళ్లు ఊరితే మూత తీసి ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉడికించు.

పంచదార ముందే వెయ్యకు. ఉడికాక రుచి చూసి, పులుపు మరీ లాగేస్తుంటే అప్పుడు రెండు చెంచాలు వెయ్యి, చిటికెడు ఉప్పు వేస్తే తీపి తేలుతుంది. వాడి వాటా మాత్రం వీటన్నిటికంటే ముందే తీసి పక్కన పెట్టు, వాడికి ఉప్పూ వద్దు, పంచదారా వద్దు. తేనె అసలే వద్దు, ఏడాది నిండేదాకా. అమ్మమ్మ నాలుకకి రాసిందని నువ్వంటావు, నాకూ రాశారులే, కానీ పసిపిల్లలకి తేనెతో బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావొచ్చని ఇక్కడి డాక్టర్లందరూ చెప్పేదే. నెయ్యి, యాలకులు, జీడిపప్పు వేద్దామా అని అడగబోతున్నావని తెలుసు. వేసుకో, బాగానే ఉంటుంది, కాకపోతే దాన్ని హల్వా అంటారు.

దాల్చినచెక్క వేస్తారు ఇక్కడ, నాకూ ఇష్టమే. పొడి కాకుండా చెక్క ముక్క వేసి ఉడికాక తీసేస్తాను. 2023లో దాల్చినచెక్క పొడి కలిపిన యాపిల్ సాస్ ప్యాకెట్లలో సీసం బయటపడి, పిల్లల రక్తంలో కూడా కనబడి, అవన్నీ మార్కెట్ నుంచి వెనక్కి తీసేసుకున్నారు. 2024లో కొన్ని బ్రాండ్ల పొడి మీద కూడా ఎఫ్‌డిఏ, అదే ఇక్కడి ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ, హెచ్చరిక ఇచ్చింది. తప్పు యాపిల్‌ది కాదు, పొడిది. వాడి గిన్నెలో అయితే దాల్చినచెక్క ఊసే వద్దు, ఉత్త యాపిల్ చాలు.

చేసింది ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. ఎక్కువైతే ఫ్రీజర్‌లో పెట్టు, డబ్బా నిండా కాకుండా వేలెడు ఖాళీ వదిలి. వాడి కోసం ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి సంచిలో వేసుకుంటే పూటకి ఒకటో రెండో తీసుకోవచ్చు. సీసాల్లో నింపి బయట అలమారలో పెట్టాలంటే అది వేరే లెక్క, మన ఆవకాయ జాడీలా ఎత్తి పెట్టేస్తానంటే కుదరదు. పచ్చళ్లు అయిపోయాక కడిగి దాచిన సీసాలు పనికిరావు, ఇలా నిల్వ చెయ్యడానికే అమ్మే క్యానింగ్ గాజు జాడీలు, కొత్త మూతలు కావాలి. వేడి సాస్ పైన అరంగుళం వదిలి నింపి, మూత పెట్టి, జాడీలు మునిగేలా మరిగే నీళ్లలో ఉంచాలి, పింట్ (రెండు కప్పుల) జాడీ అయితే 15 నిమిషాలు, క్వార్ట్ (నాలుగు కప్పులది) అయితే 20. సముద్ర మట్టానికి వెయ్యి అడుగుల లోపు ఉన్న చోట ఈ లెక్క, అంతకంటే చాలా ఎత్తున ఉండే డెన్వర్‌లో మీ అక్క చేస్తే ఇంకా ఎక్కువసేపు ఉంచాలి. ఈ ఏడు నువ్వు ఫ్రీజర్‌తో సరిపెట్టుకో.

కేకులోకి ఒక గుడ్డు బదులు పావు కప్పు సాస్, పంచదార వేయనిది. గుడ్డులా పొంగించదు, తడినిస్తుంది అంతే, అందుకని బేకింగ్ పౌడర్ ఇంకో అర టీస్పూన్ వెయ్యి. రెండు గుడ్ల కేకు వరకే దీనితో చెయ్యి, నాలుగు గుడ్లు అడిగే కేకుకి వాడితే మధ్యలో పిండిపిండిగా మిగిలిపోతుంది. మీ అత్తగారికి అరటిపండు కేకే పెట్టు, అందులో ఇది బాగా కలిసిపోతుంది.

మీరు తెచ్చినవాటిలో గ్రానీ స్మిత్ నాలుగైదు ఉన్నాయన్నావుగా, ఆ ఆకుపచ్చవి సాస్‌లో వెయ్యకు. తురిమి పులిహోర కలుపు, ఇక్కడ పచ్చి మామిడికాయ దొరకని నెలల్లో అదే మనకి మామిడికాయ. కాస్త నిమ్మరసం పిండితే సరి. సాస్ పట్టే పెద్ద గిన్నె నా దగ్గరుంది, శనివారం పెదనాన్న అటు వస్తున్నారు, పంపిస్తాను. ఆయన చేతికి ఓ అర సంచీ కాయలు ఇచ్చి పంపు.

పెద్దమ్మ