ఎన్నారై సందేహాలు: "నా తెలుగు ఇక్కడ ఎవరికి కావాలి?"

ప్రశ్న: మావారి ఉద్యోగం వల్ల పిట్స్‌బర్గ్ వచ్చి ఏడాది కావస్తోంది. నేను హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్నాను. ఇండియాలో తెలుగు టీచర్‌గా చేశాను, కవితలు కూడా రాసేదాన్ని. ఇక్కడ వారం వారం గుడికి వెళ్తాం, ఇండియన్ స్టోర్‌కి వెళ్తాం, తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ ఫంక్షన్ జరిగినా పిలుస్తారు. ఏ లోటూ లేదు. అయినా ఇది నా ఊరు అనిపించడం లేదు. పక్కింటివాళ్ళ పేరు కూడా తెలీదు. రాయడం మానేశాను. నా తెలుగు ఇక్కడ ఎవరికి కావాలి?

జవాబు: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకి జవాబు మీరుంటున్న ఊళ్ళోనే ఉంది. నార్త్ సైడ్‌లో శాంప్సోనియా వే అని ఒక ఇరుకు సందు ఉంది. ఈ వారం వీలు చూసుకుని మీవారూ మీరూ కలిసి ఒకసారి ఆ సందులో నడిచి రండి. అక్కడ ఒక ఇంటి ముందుగోడ నిండా చైనా అక్షరాలు కనిపిస్తాయి. తలుపు పక్కన, కిటికీల చుట్టూ, పైన, కింద, ఎక్కడ చూసినా అక్షరాలే. పెద్ద కుంచెతో చేత్తో రాసినవి. అవన్నీ కవితలు.

రాసినాయన పేరు హువాంగ్ షియాంగ్. 1941లో చైనాలో పుట్టాడు. తండ్రి పాత ప్రభుత్వ సైన్యంలో అధికారి కావడంతో, కమ్యూనిస్టులు వచ్చాక ఆ కుర్రాడికి సరిగ్గా బడి చదువు కూడా దక్కలేదు. సొంతంగా చదువుకుని కవి అయ్యాడు. రాసినవి అచ్చు కాలేదు సరికదా, వాటి వల్లే పదే పదే జైలుకి వెళ్ళాడు. అన్నీ కలిపితే దాదాపు పన్నెండేళ్ళు. మావో నడిపిన సాంస్కృతిక విప్లవం రోజుల్లో కవితలు పోలీసుల చేతికి చిక్కకుండా ప్లాస్టిక్‌లో చుట్టి, చుట్టూ మైనం పోసి, కొవ్వొత్తుల్లా చేసి దాచాడు. 1978లో స్నేహితులతో కలిసి తానుండే గుయిజౌ రాష్ట్రం నుంచి బీజింగ్ దాకా వెళ్ళి, నడివీధిలో గోడ మీద తన కవితల్ని అంటించాడు. 1997లో భార్యతో అమెరికా చేరాడు. 2004లో పిట్స్‌బర్గ్ వచ్చాడు.

ఆయన్ని ఇక్కడికి రప్పించింది హెన్రీ రీస్, డయాన్ శామ్యూల్స్ అనే భార్యాభర్తలు. ఆయన వ్యాపారస్తుడు, ఆవిడ చిత్రకారిణి. 1997లో పిట్స్‌బర్గ్‌లో సల్మాన్ రష్దీ ప్రసంగం విన్నారు. సొంత దేశంలో బతకలేని రచయితలకు యూరప్ నగరాలు ఆశ్రయం ఇస్తున్నాయని అక్కడే తెలిసింది. మన ఊళ్ళో ఎందుకు చెయ్యకూడదు అనుకుని, తాము ఉంటున్న వీధిలోనే ఒక ఇల్లు సిద్ధం చేశారు. ఉండడానికి ఇల్లు, ఖర్చులకు డబ్బు, ఆరోగ్య బీమా. ఆ సంస్థే 'సిటీ ఆఫ్ అసైలమ్'. ఇదే హెన్రీ రీస్ 2022 ఆగస్టు 12న న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వాలో రష్దీ మీద దాడి జరిగినప్పుడు ఆయనతో పాటు వేదిక మీద ఉన్నాడు. రీస్‌కీ దెబ్బలు తగిలాయి. ఆ రోజు వాళ్ళు మాట్లాడాలనుకున్న విషయం కూడా ప్రవాస రచయితలకు ఆశ్రయం గురించే.

మీరు గమనించాల్సింది ఆ ఇంట్లోకి వచ్చాక హువాంగ్ షియాంగ్ ఏం చేశాడన్నది. ఆయనకి ఇంగ్లిష్ దాదాపు రాదు. వయసు అరవై దాటింది. ఆ వయసులో తలుపేసుకుని లోపల రాసుకుంటూ కూర్చున్నా ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆయన కుంచె పట్టుకుని వీధిలోకి వచ్చాడు. సొంత దేశంలో ఒక్క పుస్తకం అచ్చు వేసుకోనివ్వని మనిషి, ఇంటి గోడనే పుస్తకం చేసుకున్నాడు. ఇంటి ముందు నిలబడి గొంతెత్తి చదివేవాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఇరుగుపొరుగు ఆగి చూశారు, విన్నారు. 2005లో అదే సందులో ఆలివర్ లేక్ అనే జాజ్ శాక్సఫోన్ కళాకారుడు వాయిస్తుంటే ఈయన చైనా భాషలో కవితలు చదివాడు. ఆ సాయంత్రంతో మొదలైన జాజ్ పొయిట్రీ కచేరీలు తర్వాతి కాలంలో ఊరి పండగలా మారాయి.

ఆయన ముందు ఇంగ్లిష్ నేర్చుకుని, ఆ తర్వాత పొరుగువాళ్ళతో కలుద్దామని కూర్చోలేదు. తన దగ్గర ఉన్నదాన్నే ముందు గుమ్మం బయటికి తెచ్చాడు. మనవాళ్ళం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. బయట ఇంగ్లిష్, లోపల తెలుగు అని గీత గీసుకుంటాం. ఆఫీసులో, పిల్లల స్కూల్లో మన ఇంగ్లిష్ మాత్రమే కనిపిస్తుంది. మనం పాడగలమని, రాయగలమని, వంద పద్యాలు నోటికి వచ్చని అక్కడ ఎవరికీ తెలీదు. మనలో సగం మనిషినే చూసిన ఊరు మనల్ని పూర్తిగా తనవాళ్ళని ఎలా అనుకుంటుంది? మనకైనా ఎలా అనిపిస్తుంది?

ఆయన కష్టమూ మన కష్టమూ ఒకటని నేను అనడం లేదు. మనం వీసా స్టాంపు వేయించుకుని, ఎయిర్‌పోర్టుకి బంధువులంతా వచ్చి సాగనంపితే వచ్చినవాళ్ళం. అమ్మానాన్నలతో రోజూ వీడియో కాల్ మాట్లాడతాం. ఆయనకు ఆ దారి లేదు. అందుకే ఆయన చేసిన పనికి నేను అంత విలువ ఇస్తాను. ఇక గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి కూర్చున్నప్పుడు, "ఎప్పటికైనా వెళ్ళిపోవాల్సిన వాళ్ళమేగా" అని ఊరితో ముడిపడకుండా ఉండిపోవడం మనవాళ్ళకి అలవాటు. ఆ టెన్షన్ ఎలాంటిదో నాకు తెలుసు. అయినా కార్డు వచ్చాకే పక్కింటి తలుపు తడదాం అనుకుంటే జీవితంలో మంచి వయసంతా క్యూలోనే గడిచిపోతుంది.

ఆ సందులో తర్వాత జరిగింది కూడా చెప్పాలి. బర్మా నుంచి ఖెట్ మార్ అనే రచయిత్రి కుటుంబంతో వచ్చింది. ఆవిడ భర్త తాన్ టే మౌంగ్ చిత్రకారుడు. వాళ్ళున్న ఇంటి గోడ మీద బర్మానీ పిట్స్‌బర్గ్‌నీ కలిపి పెద్ద బొమ్మ వేశాడు. ఆ తర్వాత వెనిజులా రచయిత ఇజ్రాయెల్ సెంటెనో, తన దేశపు ఇద్దరు కళాకారిణులతో కలిసి 2014లో 'రివర్ ఆఫ్ వర్డ్స్' అని ఒక పని చేశాడు. వంద మాటలు ఎంచుకుని, వాటిని అక్షరాలుగా తయారుచేసి, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళని మీకు నచ్చిన మాట తీసుకుని మీ ఇంటి గోడకి పెట్టుకోండి అన్నారు. జనం తీసుకున్నారు! ఇప్పుడు ఆ వీధుల్లో నడుస్తుంటే గుమ్మాల పక్కన మాటలు కనిపిస్తాయి. పరాయి దేశం నుంచి పారిపోయి వచ్చిన మనిషి ఇచ్చిన మాటని తాతల కాలం నుంచి అక్కడే ఉంటున్న వాళ్ళు తమ గోడకి తగిలించుకున్నారంటే, ఇక ఎవరు అతిథి, ఎవరు ఇంటివారు?

గుడి మానమని అనను. మీ ఊరి పక్కనే పెన్ హిల్స్‌లో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి 1970లలో కట్టారు. అమెరికాలో మొదటితరం గుళ్ళలో అదొకటి. దాన్ని నిలబెట్టిన పెద్దలు మనకి పెద్ద అండ ఇచ్చారు. తెలుగు సంఘాలూ అంతే. తెలుగులో రాసుకోవడానికి 1998 నుంచి 'ఈమాట' పత్రిక ఉంది, హ్యూస్టన్‌లో తెలుగు సాహిత్య సంస్థ వంగూరి ఫౌండేషన్ ఉంది. మీరు టీచర్ కాబట్టి ఇక్కడి పిల్లలకు తెలుగు నేర్పే మనబడి వాళ్ళని కూడా అడగండి, అక్కడ పాఠాలు చెప్పేది వాలంటీర్లే. ఇవన్నీ మనలో మనకి. మీరు అడిగిన వెలితి ఇంకోచోట ఉంది, అందుకే ఇంకో తలుపు చూపిస్తున్నాను.

ముందు నార్త్ సైడ్‌లో 'ఆల్ఫాబెట్ సిటీ'కి వెళ్ళండి. సిటీ ఆఫ్ అసైలమ్ వాళ్ళు 2016లో తెరిచారు. పుస్తకాల షాపు, కవితలు చదివే హాలు ఒకేచోట ఉంటాయి. ఇతర భాషల నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన పుస్తకాలు అక్కడ ఎక్కువ. కార్యక్రమాలకు చాలావరకు టికెట్ ఉండదు, ఆన్‌లైన్‌లో ముందుగా సీటు రాయించుకుంటే చాలు. మొదట రెండు మూడు సార్లు ఊరికే విని రండి. కవులు ముందు తమ భాషలోనే చదవడం, ఆ వెనకే ఇంగ్లిష్ రావడం చూస్తే మీకే ధైర్యం వస్తుంది.

కార్నెగీ లైబ్రరీలో ఇంగ్లిష్ మాట్లాడుకునే క్లబ్బులు ఉచితంగా నడుస్తాయి. మీ ఇంగ్లిష్ బాగానే ఉన్నా వెళ్ళండి. మీలాగే కొత్తగా వచ్చిన రకరకాల దేశాలవాళ్ళు పరిచయమవుతారు. వాళ్ళ ఊళ్ళో బళ్ళో ఏం వల్లె వేయించేవారో అడగండి. వానాకాలం పాటలు ఏమున్నాయో అడగండి. వాతావరణం గురించి మాట్లాడే పది నిమిషాల్లో తెగని ముడి అలాంటి ఒక్క ప్రశ్నతో తెగుతుంది.

మీరు చదివే రోజు కూడా వస్తుంది. మైకు ఎవరికైనా ఇచ్చే సభలు ఈ ఊళ్ళో కాఫీ షాపుల్లో, లైబ్రరీల్లో జరుగుతూనే ఉంటాయి. చిన్న కవిత ఎంచుకోండి, రెండు నిమిషాలు మించకూడదు. మొదటిసారికి సొంతది వద్దనిపిస్తే చిన్నప్పుడు నేర్చిన ఒక ఆటవెలది చాలు. తెలియని చెవికి కూడా ఆ నడక అందుతుంది. చదవబోయే ముందు ఇంగ్లిష్‌లో రెండే రెండు వాక్యాలు: ఈ భాష పేరు తెలుగు, ఈ కవిత ఫలానా దాని గురించి. తర్వాత తెలుగులో నింపాదిగా, కళ్ళెత్తి జనాన్ని చూస్తూ చదవండి. చివర్లో ఇంగ్లిష్ అనువాదం. "నా ఇంగ్లిష్ సరిగ్గా ఉండదు, ఏమీ అనుకోకండి" అని మాత్రం మొదలుపెట్టొద్దు. మీరు వాళ్ళకి లేనిదాన్ని తెచ్చి ఇస్తున్నారు, అందులో మన్నించమనాల్సింది ఏముంది?

అనువాదం చేసేటప్పుడు పక్కింటావిడ సాయం అడగండి. నిజంగానే అంటున్నాను. "నేనో కవిత రాశాను, ఈ నాలుగు లైన్లు ఇంగ్లిష్‌లో సరిగ్గా వచ్చాయా చూస్తారా?" అని కాగితం పట్టుకుని తలుపు తట్టండి. ఇన్నేళ్ళలో నేను చూసినంతవరకు, పప్పు గిన్నె పట్టుకెళ్ళినప్పటి కంటే ఇలా సాయం అడిగినప్పుడే స్నేహం తొందరగా కుదిరింది. అవతలివాళ్ళకి ఇవ్వడానికి ఏదో ఉంటుంది కాబట్టి.

వీసా సంగతి కూడా అడగబోతారు, ముందే చెప్తున్నాను. ఊరికే కవిత చదివితే ఇబ్బంది లేదు. చదివినందుకు డబ్బు ఇస్తామంటే మాత్రం ఆగండి. హెచ్-4 మీద ఉండి ఈఏడీ (పనిచేయడానికి ఇచ్చే అనుమతి) లేకపోతే పారితోషికం పుచ్చుకోకూడదు. చిన్న మొత్తమైనా సరే, ముందు లాయర్‌ని అడగండి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలకీ ఇదే మాట.

డ్రైవింగ్ ఇంకా రాకపోతే డౌన్‌టౌన్ దాకా బస్సులో వచ్చి అక్కడ 'టీ' అనే ఊరి లోకల్ రైలు ఎక్కండి. నార్త్ సైడ్ స్టేషన్ వరకు టికెట్ అక్కర్లేదు. అక్కడి నుంచి ఆల్ఫాబెట్ సిటీకి నడిచి వెళ్ళొచ్చు, చలికాలం అయితే మంచి బూట్లు వేసుకోండి. మానేసిన రాతలో పాతదో కొత్తదో ఒక కవిత నాకు పంపండి. ఇంగ్లిష్ చేసేటప్పుడు నేనూ కూర్చుంటాను.