పాత యూనిట్‌లో డ్యూటీకి వెళ్తున్న మా అమ్మాయికి

చి. సుధకు పెదనాన్న ఆశీస్సులు.

విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో పాత 210 మెగావాట్ల యూనిట్‌కి నిన్ను వేశారని మీ నాన్న చెప్పాడు. 1979లో మొదలైన స్టేషన్ కదా, నా షిఫ్టులోనే ఆగిపోతే ఎలా అని బెంగపడుతున్నావట. ముసలి బాయిలర్ చెప్పాపెట్టకుండా ఆగడం తక్కువ, తల్లీ.

మన బొగ్గులో బూడిద 40 శాతం దాకా ఉంటుంది. అది ఏళ్ల తరబడి రాచుకుని ఎకనమైజర్ (బాయిలర్‌లోకి వెళ్లే నీళ్లను వేడిచేసే భాగం) ట్యూబులు పల్చబడతాయి. పైగా ఇప్పుడు సోలార్ వస్తోందని పగలు లోడ్ దించమంటారు, పొద్దుగూకితే ఎక్కించమంటారు. నిలకడ లోడ్ మీద నడవడానికి కట్టిన బాయిలర్‌కి అది పెద్ద శ్రమ. ట్యూబు లీకు మొదలైతే డీఎం నీళ్ల మేకప్ (తగ్గిన నీటికి బదులు పోసే శుద్ధి చేసిన నీళ్లు) పెరుగుతుంది, పొగను బయటికి లాగే ఐడీ ఫ్యాన్ల ఆంప్స్ పెరుగుతాయి, దగ్గర నిలబడితే బుస్సుమని వినిపిస్తుంది. లాగ్‌షీట్‌లో నిన్న ఇదే గంటకి ఎంతుందో కూడా చూడు. అనుమానమొస్తే ఆ షిఫ్టులోనే రాసి ఇవ్వు. ఒక ఎండాకాలం మాకూ అలాగే తెలిసింది. డిమాండ్ ఉంది, రెండ్రోజులు లాగండన్నారు. లాగాం. చిల్లులోంచి చిమ్మిన ఆవిరి పక్క ట్యూబులన్నిటినీ కోసేసింది. నేను గట్టిగా అడ్డుపడాల్సింది.

ట్యూబుల సంగతి అందరూ చూస్తారు. నా భయమంతా బ్యాటరీ రూమ్ గురించే.

2012 జులై 30 తెల్లవారుజామున బీనా–గ్వాలియర్ లైన్ ట్రిప్పై ఉత్తరాది గ్రిడ్ కూలింది. మర్నాడు తూర్పు, ఈశాన్య గ్రిడ్లతో సహా మళ్లీ కూలింది. 60 కోట్ల మంది ఉన్న ప్రాంతమంతా చీకటి. దక్షిణాది అప్పటికి డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) లింకులతోనే మిగతా దేశంతో కలిసి ఉండబట్టి మనం తప్పించుకున్నాం. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ లైన్‌తో మనమూ ఆ ఉమ్మడి గ్రిడ్‌లో కలిశాం. అలాంటి రోజు వస్తే బొగ్గు యూనిట్ సొంతంగా లేవలేదు, ఫ్యాన్లకీ పంపులకీ బయటి కరెంటు రావాలి. ఈలోపు నిమిషానికి 3,000 చుట్లు తిరిగే టర్బైన్ క్షేమంగా ఆగాలంటే బేరింగులకు నూనె అందించేది బ్యాటరీల మీద నడిచే డీసీ పంపే.

ఆస్ట్రేలియాలోని కల్లైడ్ సీ4 యూనిట్ నీ స్టేషన్ కంటే 20 ఏళ్లకు పైగా చిన్నది. 2021 మే 25న కొత్త బ్యాటరీ చార్జర్ కలిపే పనిలో డీసీ పోయింది. ప్రమాదంలో యూనిట్‌ను గ్రిడ్ నుంచి విడదీసే రక్షణ రిలేలు పనిచేయలేదు. జనరేటర్ గ్రిడ్ కరెంటు లాక్కుంటూ మోటారులా అరగంటకు పైగా తిరిగి బద్దలైంది. క్వీన్స్‌లాండ్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది.

కాబట్టి బ్యాటరీల సెల్ వోల్టేజీలు నువ్వే దగ్గరుండి కొలిపించు. డీసీ పంపును స్విచ్ వేసి నడిపించి చూడు. చార్జర్ పని వస్తే, రెండో డీసీ సప్లై నిజంగా ఉందో లేదో మీటర్ పెట్టి చూశాకే పని మొదలుపెట్టే పర్మిట్ మీద సంతకం చెయ్యి. బ్యాటరీలకు డిశ్చార్జ్ టెస్ట్ (లోడ్ పెట్టి ఎంతసేపు నిలుస్తాయో చూసే పరీక్ష) చివరిసారి ఎప్పుడు చేశారో రిజిస్టర్‌లో ఉంటుంది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆ తేదీ నాకు చెప్పు.

మీ పెదనాన్న