ముద్ర గుద్దిన పాత నాణేలు దాచుకుంటే కేసవుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, నమస్కారం. మాది మలక్‌పేట. రిటైరయ్యాక పాత నాణేలు పోగుచేయడం మొదలుపెట్టాను. జుమ్మెరాత్ బజార్‌లో ఒకాయన దగ్గర నిజాం కాలపు కంచు నాణేలు, విక్టోరియా పావు అణాలు కలిపి ఆరు వేలకు కొన్నాను. వాటి మీద ఎవరో ఇనుప అచ్చుతో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు గుద్దారు. ఏదో మిల్లులో టోకెన్లుగా వాడారని ఆయన చెప్పాడు. రసీదు ఇవ్వలేదు. పాడుచేసిన నాణేలు దగ్గరుంటే ఏడేళ్లు జైలని మా బావమరిది అంటున్నాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. లండన్‌లో ఉండే ఒకాయన రెండు నాణేలు పోస్టులో పంపమంటున్నాడు, పంపొచ్చా? పైగా, ముందు కమీషన్ కడితే రిజర్వు బ్యాంకు నుంచి లక్షలు ఇప్పిస్తామని వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తున్నాయి.

జవాబు: మీ బావమరిది గారు చెప్పిన ఏడేళ్లు చట్టంలో ఉన్నమాటే. 2011 నాటి నాణేల చట్టం 12వ సెక్షన్ ప్రకారం నాణెం కరిగించకూడదు, ధ్వంసం చేయకూడదు, చెల్లింపులకు తప్ప వేరే పనికి వాడకూడదు. మీరితే ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. అయితే ఆయన సెక్షన్ చూశారు గానీ నిర్వచనం చూసినట్టు లేదు. ఈ చట్టంలో నాణెం అంటే ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న నాణెమే. మీ నిజాం నాణేలు, విక్టోరియా అణాలు అందులోకి రావు. ఆ మాటకొస్తే మన పావలా కూడా 2011 జూన్ 30 నుంచి చెల్లదు. కాబట్టి మీ డబ్బాలో ఉన్నవాటి వల్ల ఈ సెక్షన్ కింద మీకు భయం లేదు. సరదాకి కూడా ఇవాళ్టి పది రూపాయల బిళ్ల మీద మాత్రం అచ్చు గుద్దించకండి.

టోకెన్లన్న మాటకు కూడా మీరు కంగారు పడినట్టున్నారు. ప్రభుత్వ అనుమతి లేకుండా లోహపు బిళ్లలు చేసి డబ్బుగా చలామణీ చేయడం నేరమే. 1889లోనే దీనికి ప్రత్యేక చట్టం ఉండేది, 2011 చట్టం దాని స్థానంలో వచ్చింది. కానీ ఎప్పుడో ఎవరో వాడి వదిలేసిన బిళ్లల్ని దాచుకోవడం వాటిని డబ్బుగా వాడటం కాదు.

అసలు జాగ్రత్త పడాల్సింది లండన్ పార్సెల్ విషయంలో. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం ఏదైనా పురావస్తువే, రాగిదైనా, ఎంత అరిగిపోయినదైనా. పురావస్తువును దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన సంస్థలకూ తప్ప ఎవరికీ లేదు. పంపినా, పంపబోయినా కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, జరిమానా ఉంటాయి. కవర్ మీద ‘గిఫ్ట్’ అని రాసినంత మాత్రాన కస్టమ్స్ వాళ్లు వదిలిపెట్టరు. విక్టోరియా 1901లోనే పోయింది, ఆమె బొమ్మ ఉన్న ప్రతి పావు అణా నూరేళ్లు దాటినదే. అవి పంపే మాటే వద్దు.

నిజాం నాణేల దగ్గర లెక్క తప్పేవాళ్లను చాలామందిని చూశాను. వాటి మీద ఉండేది హిజ్రీ, అంటే ముస్లిం కేలండర్ సంవత్సరం. 1340 అని ఉంటే అది 1921-22 నాటిది, నూరేళ్లు నిండింది. 1362 అని ఉంటే 1943 నాటిది, ఇంకా నిండలేదు. హిజ్రీ ఏడాది మనదానికంటే దాదాపు 11 రోజులు చిన్నది, అందుకే హిజ్రీలో నూరేళ్లంటే మన లెక్కలో సుమారు 97 ఏళ్లే. ఉర్దూ అంకెలు రాకపోతే ఇంకో చిక్కు. చుక్కలా కనిపించేది సున్నా, మన సున్నాలా గుండ్రంగా ఉండేది అయిదు. భూతద్దం పెట్టి చూడండి, పక్కింటి ఉర్దూ తెలిసిన పెద్దాయనకు చూపించండి. సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు, వీలైతే అదీ చూసి రండి. తేదీ అచ్చు కింద నలిగిపోయి కనబడకపోతే మాత్రం ఆ నాణేన్ని పంపవద్దు. వయసు మీద వివాదం వస్తే తేల్చేది భారత పురావస్తు శాఖ, వాళ్ల మాటే తుది మాట. నూరేళ్లు నిండనిదని ఖాయమైనా ముందు ఆ శాఖకు చూపించి, పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకుని పంపితే పార్సెల్ మధ్యలో ఆగదు.

‘గుద్దిన ముద్ర తర్వాతిది, దాని వయసు నూరేళ్లు లేదు కదా’ అని కొందరు వాదిస్తారు. తెలివైన వాదనే గానీ, చట్టం చూసేది నాణెం వయసు. మీరు ఆ వాదన మీద ఆధారపడకండి.

దేశంలో దాచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. విగ్రహాలు, చిత్రాలు, చిత్రాలున్న రాతప్రతులు వంటివాటికి రిజిస్ట్రేషన్ ఉంది గానీ నాణేలకు లేదు. అప్పుడప్పుడూ తోటి సేకర్తతో ఒకటో రెండో మార్చుకుంటే ఇబ్బంది లేదు. నూరేళ్లవి కొని అమ్మడం వ్యాపారంగా పెట్టుకుంటే లైసెన్సు తప్పనిసరి.

ఇక ఇవి టోకెన్లేనా? ఈ ప్రశ్నకు చట్టంలోనూ విలువ ఉంది. గుద్దిన ముద్ర టోకెన్‌దే కానక్కర్లేదు. వెండి నాణేల మీదైతే వెండి మంచిదో కాదో చూసిన సరాఫు (నాణేల వ్యాపారి) గుర్తు కావచ్చు, కొత్త అచ్చు పదునుందో లేదో చూసుకున్న కమ్మరి పని కావచ్చు, ప్రకటన కూడా కావచ్చు. ఇంగ్లండ్‌లో లాయిడ్స్ వీక్లీ వార్తాపత్రిక పేరు పెన్నీల మీద గుద్ది ఊరంతా తిప్పారు. చివరికి 1853లో నాణేల మీద పేర్లు గుద్దడాన్ని అక్కడ నిషేధించాల్సి వచ్చింది. ఒకే అచ్చు, ఒకే చోట, వేర్వేరు సంవత్సరాల నాణేల మీద కనబడి, అంకెలు మాత్రం మారుతుంటే కూలీల హాజరుకో, క్యాంటీన్‌కో వాడి ఉండొచ్చని ఊహించవచ్చు. మిల్లు రికార్డు దొరికేదాకా అది ఊహే. అందుకని మీరు ఎవరికైనా ఇచ్చేటప్పుడు ‘ముద్ర గుద్దిన నాణెం, టోకెన్‌గా వాడి ఉండవచ్చు’ అనే కాగితం మీద రాయండి. ‘ఫలానా మిల్లు టోకెన్’ అని రాసి ఎక్కువ ధర తీసుకుంటే, రేపు అబద్ధమని తేలినప్పుడు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ మోసం కేసు మీ మీదకొస్తుంది. ‘నాకూ అలాగే చెప్పారు’ అంటే బయటపడొచ్చు గానీ, ఈలోగా స్టేషన్ చుట్టూ తిరగాలి.

మీ ఆరు వేల సంగతి నిష్ఠూరంగా ఉన్నా చెబుతాను. రసీదు లేదు, అమ్మినాయన పేరు తెలియదు, ‘మిల్లు టోకెన్’ అన్న మాటకు సాక్షి లేడు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా నిలబడదు, ఆ డబ్బు మీద ఆశ వదిలేయండి. ఇకపైన కొన్న రోజే తేదీ, ధర, అమ్మినవాళ్ల ఫోన్ నంబరు ఒక నోటుబుక్కులో రాసి, రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి. దొంగసొత్తు కొన్నావని ఎవరైనా అంటే అదే మీకు అండ. ‘పునాది తవ్వితే దొరికాయి’ అని ఎవరైనా అమ్మజూపితే అసలు ముట్టుకోకండి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించితే దొరికినవాళ్లు కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి.

వాట్సాప్ మెసేజ్‌లకు జవాబివ్వకండి. పాత నాణేల కొనుగోళ్లతో తమకు సంబంధం లేదనీ, ఎవరి దగ్గరా కమీషన్ వసూలు చేయమనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఇప్పటికే ఏమైనా కట్టి ఉంటే ఈ జవాబు పూర్తిగా చదివేదాకా కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.