గరుకు అంటే సరిగ్గా ఏమిటి? ముతక, బరక, మొరటు అనే మాటలకు బదులుగా దాన్ని వాడవచ్చా?

గరుకు ప్రధానంగా స్పర్శకు సంబంధించిన మాట. తడిమినప్పుడు సన్నని మొనలు తగులుతున్నట్లు, వేలు సాఫీగా జారనట్లు తోచే తలాన్ని గరుకుగా ఉందంటాం. దీనికి వ్యతిరేకం నునుపు. గుంటలూ మిట్టలూ దూరం నుంచే కంటికి కనిపించేంత పెద్దవైతే అది ఎగుడుదిగుడు అవుతుంది తప్ప గరుకు కాదు.

చెక్క సామాన్లకు వార్నిష్ వేసే పనిలో కొన్నేళ్లు ఉన్నందువల్ల ఈ మాట నాకు రోజూ అవసరమయ్యేది. చిత్రిక పట్టిన చెక్క చూపుకు నున్నగానే ఉన్నా, అరచేతిని అడ్డంగా నడిపితే ఎక్కడ గరుకు మిగిలిందో తెలిసిపోతుంది. అందుకే మేము కంటికంటే చేతినే నమ్మేవాళ్లం. ఉప్పుకాగితం మీది అంకె పెరిగేకొద్దీ రేణువులు సన్నబడతాయి కాబట్టి 80తో మొదలుపెట్టి, 120 మీదుగా 220కి వెళ్లేవాళ్లం. అంతగా రుద్దిన చెక్కకు కూడా తడి తగిలితే అణగి ఉన్న నార పైకి లేచి మళ్లీ గరుకు తేలుతుంది. మరోవైపు, ఆరిన పూత మీద ఇంకో పూత వేసేముందు దాన్ని తేలికగా రుద్ది కావాలనే కొంచెం గరుకు చేస్తారు, లేకపోతే పై పూత సరిగా పట్టదు. మొరటు అన్నప్పుడు వినిపించే చిన్నచూపు గరుకులో లేదనడానికి నాకు ఇదే రుజువు.

దారం లావుగా ఉన్న బట్ట ముతక. ముతక బట్ట తరచు గరుకుగానూ ఉంటుంది గానీ, పదేపదే ఉతికాక గరుకు పోయి ముతకదనం మాత్రం మిగలవచ్చు. మెత్తగా నలగని పొడి బరక, ప్రవర్తన మొరటు, మాట కటువు. గరుకు గొంతు అని కొందరు రాస్తున్నారు, అర్థమవుతుంది కూడా, కానీ బొంగురు ఉండగా దాని అవసరం నాకు కనిపించదు.

పారిజాతం ఆకును గరుకు అనడంలో ఎవరికీ సందేహం రాదు. వెనక్కి వంగిన సన్నని ముళ్లున్న పిల్లి నాలుకకూ ఇదే మాట సరిపోతుంది. జీవశాస్త్రంలో గరుకు అంతర్జీవ ద్రవ్యజాలం అనే మాట ఉంది, జీవకణం లోపలి ఒక రకం పొరల అల్లికకు అది పేరు. అది మాత్రం స్పర్శకు అందనిది. దాని పొరకు అంటుకున్న రైబోసోములనే అతి సన్నని రేణువులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చుక్కలుగా కనిపించడం వల్ల, చేతి మాటను అక్కడ కంటికి అరువిచ్చారు.