వీడియో నాది, మంట చెల్లెలి ముఖానిది: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది గుంటూరు జిల్లా. పెళ్లయి ఆరేళ్లయింది, ఒక పాప. మూడేళ్లుగా ఇన్‌స్టాలో చర్మం, జుట్టు గురించి రీల్స్ చేస్తున్నాను. ఇంటి ఈఎంఐలో సగం నా సంపాదనే. వేసవిలో ఒక నైట్ క్రీమ్ మీద వీడియో చేశాను. వాళ్లు 15 వేలు ఇచ్చారు. ఆ సంగతి వీడియోలో చెప్పలేదు. నెల రోజులు వాడానని చెప్పాను కానీ వాడింది నాలుగు రోజులే. మా పిన్ని కూతురు అది చూసి కొని రెండు నెలలు రాసింది. మొదటి వారంలోనే తెల్లబడింది. డబ్బా అయిపోయాక ముఖమంతా ఎర్రబడింది, మంట, మొటిమలు. తనకు మాఘంలో పెళ్లి. పిన్ని నాతో మాట్లాడటం లేదు. కామెంట్లలో కొందరు 'డబ్బు కోసం ముఖాలు కాలుస్తోంది' అంటున్నారు, కొందరు నా పాపను కూడా లాగుతున్నారు. ఆఫీసులో ఎవరో చూపించారట, మా ఆయన పేజీ మూసేయమంటున్నారు. అత్తగారు పరువు పోయిందంటున్నారు. వీడియో తీసేస్తే కేసు వేస్తామని బ్రాండు వాళ్లు బెదిరిస్తున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. అన్నీ డిలీట్ చేసి ఊరుకోనా?
– పేరు వద్దు

జవాబు: అమ్మా, ముందు చెల్లెలి ముఖం సంగతి చూడండి. కామెంట్లు, బ్రాండు, మీవారి కోపం రెండు రోజులు ఆగినా ఏమీ కాదు. చర్మం అలా కాదు.

వారంలో రంగు తేలడం, ఆపగానే ఎర్రబడి మండటం చూస్తే అది స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ అనే అనుమానం బలంగా వస్తుంది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్లు ముఖానికి రాస్తే రక్తనాళాలు ముడుచుకుంటాయి, చర్మం పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. లోపల మాత్రం పలచబడుతూ ఉంటుంది. రాయడం ఆపేయగానే ఆ నాళాలన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. ఎరుపు, మంట, చీము మొటిమలు, కొందరికి బుగ్గల మీద నూగు కూడా వస్తాయి. మళ్లీ కొంచెం రాస్తే హాయిగా ఉంటుంది. చాలామంది చిక్కుకునేది అక్కడే. చెల్లెలు ఇంకో డబ్బా తెప్పించుకోకుండా ముందు ఆపండి.

ఈ వారంలోనే ఎండీ చేసిన చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి, బ్యూటీ పార్లర్‌కు కాదు. ఖాళీ డబ్బా, అట్టపెట్టె, ఆర్డర్ చేసిన స్క్రీన్‌షాట్ వెంట ఉండాలి. డబ్బా కడగవద్దు. అడుగున మిగిలినదే రేపు పరీక్షకు పనికొస్తుంది, మూత బిగించి జిప్ కవరులో పెట్టండి. ఎన్నాళ్లు, రోజుకు ఎన్నిసార్లు రాసిందో తేదీలతో కాగితం మీద రాసి ఇవ్వండి. డాక్టరు తక్కువ శక్తి మందుకు మార్చి మెల్లగా తగ్గించవచ్చు, లేదా పూర్తిగా ఆపించి వేరే మందు ఇవ్వవచ్చు. అది చర్మాన్ని చూసి ఆయన తేల్చాల్సిన విషయం. అప్పటిదాకా సువాసన లేని మాయిశ్చరైజర్, గొడుగు చాలు. నిమ్మరసం, పసుపు, టూత్‌పేస్ట్, ఫేషియల్, బ్లీచ్ ఏవీ ఆ ముఖం దగ్గరకు రాకూడదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే మామూలు చర్మం కూడా కాలి మచ్చలు పడుతుంది.

ఇంకొకటి కూడా డాక్టరుకు గుర్తు చేయండి. సరైన లేబుల్ లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కలిపే అలవాటు ఉంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటివి వాడినవారికి కిడ్నీ జబ్బు వచ్చినట్టు వైద్యులు గుర్తించారు. చెల్లెలికి పాదాల వాపు, నురగ మూత్రం ఉన్నాయా అని అడగండి. ఉన్నా లేకపోయినా మూత్రంలో ప్రోటీన్ పరీక్ష ఒకసారి చేయిస్తే మంచిది, ఖర్చు కూడా తక్కువే.

పిన్ని ఇంటికి మీరే వెళ్లండి. ఫోనులో సారీ చెప్పి, ఫోన్‌పేలో డబ్బు వేసి చేతులు దులుపుకోకండి. 'పిన్నీ, నాలుగు రోజులు వాడి నెల అని చెప్పాను. డబ్బు తీసుకున్న సంగతి దాచాను. చెల్లిని డాక్టరుకు చూపించే ఖర్చంతా నాది, రేపు నేనే తీసుకెళ్తాను' అని చెప్పి ఆగండి. ఆవిడ తిడితే తిట్టనివ్వండి. 'నేనేం కావాలని చేశానా' అన్న మాట మీ నోట రాకూడదు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని కూడా అడగకండి, అలా అడిగితే మీరిచ్చే డబ్బు నోరు మూయించడానికే అన్నట్టు అవుతుంది. పెళ్లి నాటికి ముఖం పూర్తిగా మానకపోవచ్చు, ఇలాంటిది సర్దుకోవడానికి నెలలు పడుతుంది. ఆ మాట పిన్నికి డాక్టరు నోటే చెప్పించండి. పెళ్లి మేకప్ ఆర్టిస్టుకు ముందే విషయం తెలియాలి. పెళ్లికి ముందు పీలింగ్, థ్రెడింగ్, వ్యాక్సింగ్ ఏదైనా ముఖం మీద చేయించాలంటే డాక్టరు సరేనన్నాకే.

ఇక మీరు అడిగిన ప్రశ్న. డిలీట్ చేసి ఊరుకోవడం సరిపోదు. ఆ వీడియో చూసి కొన్నవాళ్లు మీ చెల్లెలొక్కతే కాదు. ఈ రాత్రి కూడా ఎవరో ఆ క్రీమ్ రాసుకుంటూ ఉండవచ్చు. వీడియో మాయమైతే వాళ్లకు ఏమీ తెలియదు. అలాగని ఉంచినా తప్పే, అది కొత్తవాళ్లకు చేరుతూనే ఉంటుంది. కాబట్టి ముందు వీడియో, కామెంట్లు, బ్రాండుతో జరిగిన చాట్, డబ్బు పడిన బ్యాంకు ఎంట్రీ అన్నీ సేవ్ చేసుకోండి. తర్వాత పాత రీల్ తీసేయండి. అదే రోజు, అదే గంటలో దిద్దుబాటు వీడియో పెట్టి ప్రొఫైల్ పైన పిన్ చేయండి.

ఆ వీడియో నిమిషంన్నర దాటకూడదు. పగటి వెలుతురు, ఫిల్టర్ వద్దు, వెనుక సంగీతం వద్దు. ఇంచుమించు ఇలా చెప్పండి: 'ఫలానా నెలలో నేను ఈ క్రీమ్ గురించి వీడియో చేశాను. దానికి కంపెనీ నాకు డబ్బు ఇచ్చింది, ఆ మాట మీకు చెప్పలేదు. నెల వాడానన్నాను, వాడింది నాలుగు రోజులు. దీన్ని వాడిన ఒకరికి ముఖం దెబ్బతింది, డాక్టరు దగ్గర వైద్యం జరుగుతోంది. మీరు వాడుతుంటే డబ్బా దాచి, దాంతో సహా చర్మవ్యాధుల డాక్టరును కలవండి. మంట వచ్చినా మళ్లీ అదే రాయకండి.' అంతే. ఏడవకండి. 'ఎవరికైనా ఇబ్బంది కలిగి ఉంటే క్షమించండి' అన్నారో, మొత్తం పోయినట్టే. ఇబ్బంది కలిగింది, కలిగి ఉంటే కాదు. 'అందరికీ అన్నీ పడవు కదా' అనడం కూడా నెపం వాళ్ల చర్మం మీదకు నెట్టడమే. జనం దీన్ని ఇట్టే పసిగడతారు. చెల్లెలి పేరు, ఫోటో, చుట్టరికం మాత్రం చెప్పకండి. పెళ్లి కావలసిన పిల్ల.

ఒక్క జాగ్రత్త. 'ఇందులో స్టెరాయిడ్ ఉంది' అని ల్యాబ్ రిపోర్టు లేకుండా అనకండి, బ్రాండు పరువు నష్టం దావాకు దారి దొరుకుతుంది. జరిగింది జరిగినట్టు చెప్పడానికి మాత్రం భయపడనక్కర్లేదు. డబ్బాను జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదుతో పాటు చూపించండి. డబ్బా మీద తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా, పదార్థాల జాబితా, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆ ఒక్కటే పెద్ద ఆధారం.

బ్రాండు వాళ్లతో ఇక ఫోనులో మాట్లాడకండి, ఏదైనా రాతలోనే. 'మీ క్రీమ్ వాడినవారికి హాని జరిగింది, అందువల్ల వీడియో తీసేశాను, మీరిచ్చిన 15 వేలు తిరిగి పంపడానికి సిద్ధం. ల్యాబ్ రిపోర్టు, తయారీ లైసెన్స్ కాపీ పంపండి' అని మెయిల్ చేయండి. చాలా బెదిరింపులు ఈ మెయిల్ దగ్గరే ఆగిపోతాయి. ఆగకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

కామెంట్లన్నీ ద్వేషమేనని మీకు అనిపిస్తోంది కానీ, అందులో మీ మేలు కోరే ప్రశ్నలు చాలా ఉన్నాయి. 'ఇది పెయిడా', 'ఎన్ని రోజులు వాడావు', 'నాకూ మంటగా ఉంది' అన్నవాటికి ఒక్కొక్కరికీ జవాబివ్వండి. ముఖం మండుతోందన్నవాళ్లకు అందరికంటే ముందు. వాళ్ల ఫోటో చూసి మీరు మందు చెప్పకండి, డాక్టరు దగ్గరకే పంపండి. 'డబ్బు కోసం చేసింది' అన్నవాళ్లను బ్లాక్ చేయకండి, వాళ్లతో వాదించకండి. అన్నది నిజమే కాబట్టి ఆ కామెంట్ అక్కడే ఉండనివ్వండి. మెచ్చుకున్నవి ఉంచి, నిలదీసినవి చెరిపేస్తే ఇక మీ పేజీలో ఏ మాటకూ విలువ ఉండదు.

పాపను లాగినవాళ్లు, బెదిరించేవాళ్లు, ఫోటోలు మార్ఫ్ చేసేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. వాళ్లకు జవాబు లేదు. ముందు స్క్రీన్‌షాట్, అందులో తేదీ, యూజర్‌నేమ్, లింకు కనబడాలి. ఆ తర్వాతే రిపోర్ట్, బ్లాక్. వరస తప్పితే ఆధారం పోతుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, మహిళల హెల్ప్‌లైన్ 181కి చెప్పవచ్చు. ఇన్‌స్టాలో 'హిడెన్ వర్డ్స్' సెట్టింగ్‌కు వెళ్లి బూతు మాటలను తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లో జనం రాసే రెండు మూడు స్పెల్లింగుల్లోనూ చేర్చండి. యాప్ తనంతట తాను తెలుగు తిట్లన్నిటినీ పట్టుకోదు. పాప ఫోటోలు, స్కూల్ యూనిఫాం, ఇంటి గేటు కనిపించే పోస్టులు ఈరోజే తీసేయండి.

కామెంట్లు చదవడం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఇరవై నిమిషాలు. పడుకునే గదిలోకి ఫోను వద్దు. రెండు వారాలైనా నిద్ర రాకపోతే, లేదా బతుకు మీద విరక్తి అనిపిస్తే, ఏ గంటలోనైనా 14416కు చేయండి. టెలీ మానస్ సేవ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పేజీ ఉంచాలనుకుంటే, పని చేసే తీరు మారాలి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలిచ్చింది. డబ్బే కాదు, ఉచితంగా వచ్చిన సీసా, డిస్కౌంటు, ట్రిప్పు ఏదైనా బ్రాండుతో సంబంధం కిందే లెక్క, చెప్పి తీరాలి. వీడియో అయితే కింద హ్యాష్‌ట్యాగుల గుంపులో కాదు, వీడియోలోనే, మాటగానూ అక్షరాలుగానూ. తెలుగులో మాట్లాడుతున్నప్పుడు 'ఇది ప్రకటన, డబ్బు తీసుకున్నాను' అని తెలుగులోనే అనండి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా, ఏడాది దాకా ప్రకటనలు చేయకుండా నిషేధం విధించే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఉంది. మరోసారి చేస్తే 50 లక్షలు, మూడేళ్లు. ముందుగా తగిన విచారణ చేశానని చూపించగలిగితే రక్షణ ఉంటుంది. అందుకే లైసెన్స్ నంబరు, పదార్థాల జాబితా, పాదరసం, స్టెరాయిడ్ లేవన్న ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చాకే ఒప్పుకోండి. మచ్చల మీద పనిచేసే మంచి క్రీముకైనా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. 'ఏడు రోజుల్లో తెలుపు' అన్న స్క్రిప్టు వస్తే ఎంత ఇస్తామన్నా వద్దనండి. చర్మం నునుపుగా, తెల్లగా చూపించే ఫిల్టర్‌తో క్రీమ్ ఫలితం చూపించడం అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమాలకు కూడా విరుద్ధం. అసలు మన ఇళ్లల్లో చామనఛాయ పిల్లల్ని తెల్లబరుస్తానని చెప్పే వస్తువు ఏదీ మీ పేజీలోకి రానివ్వకండి. ఇది నా గట్టి అభిప్రాయం. పెళ్లిచూపుల భయాన్ని అమ్ముకునే వ్యాపారం అది.

మీవారి సంగతి. ఆయన పేజీ మూసేయమంటున్నది పరువు కోసమే అనుకోకండి. ఆఫీసులో ఎవరో చూపిస్తే తెలిసింది ఆయనకు, మీ నోటి నుంచి కాదు. ఆ నొప్పి ఉంటుంది. పాప నిద్రపోయాక కూర్చుని డబ్బు తీసుకున్నదీ, నాలుగు రోజులదీ, బెదిరింపులూ అన్నీ చెప్పండి. దిద్దుబాటు వీడియో పెట్టకముందే ఆయన చూడాలి. ఆరు నెలల్లో పేజీ నుంచి వచ్చింది, ఈఎంఐకి పోయింది కాగితం మీద వేసి చూపించి, నెల రోజులు కొత్త ప్రకటన ఏదీ తీసుకోనని, ఆ నెల ఈఎంఐ ఎలా కట్టాలో ఇద్దరూ కలిసి చూద్దామని అడగండి. మూసేయాలా వద్దా అన్నది ఆ నెల తర్వాత తేల్చుకోండి, ఈ కోపంలో వద్దు. అత్తగారికి ఇన్ని వివరాలు అక్కర్లేదు. 'అత్తయ్యా, తప్పు జరిగింది, పిన్ని వాళ్లింటికి వెళ్లి ఒప్పుకున్నాను, చెల్లికి వైద్యం నేనే చేయిస్తున్నాను' అంటే చాలు. చుట్టాల్లో ఎవరైనా అడిగితే ఆవిడ చెప్పడానికి కూడా ఆ మాటే ఉంటుంది.