మా బాబుకి సోషల్‌లో ‘వరల్డ్ కల్చర్స్’ అట అక్కా, ట్యూషన్ పెట్టించాలా?

నర్సంపేట నుంచి డాలస్ వచ్చి మూడు నెలలైన ఒక చెల్లె అడిగింది. కొడుకు ఆరో తరగతిలో చేరాడు. లెక్కల గురించి బెంగ లేదట. సోషలే అర్థం కావట్లేదట. భూగోళం, చరిత్ర, సంస్కృతులు అన్నీ కలిపి ఒకే సబ్జెక్టు, టెక్స్ట్‌బుక్ ఇంటికి పంపరు, మొదటి టెస్టులో 62 వచ్చాయి. ట్యూషన్ పెట్టించాలా అని.

చెల్లె, నువ్వు అంటున్నా, ఏమనుకోకు. నా బిడ్డకు ఇప్పుడు ముప్పై దాటాయి. 2006లో హన్మకొండ వడ్డేపల్లి నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు దానికి పదకొండు, సరిగ్గా మీ బాబు తరగతే. కాబట్టి నీ టెన్షన్ నాకు కొత్త కాదు. రూల్స్ సంగతి ముందే రెండు మాటల్లో చెప్పేస్తా. టెక్సాస్‌లో ఆరులో ప్రపంచ సంస్కృతులు, ఏడులో టెక్సాస్ చరిత్ర, ఎనిమిదిలో 1877 దాకా అమెరికా చరిత్ర. సోషల్‌కి రాష్ట్ర పరీక్ష ఎనిమిదిలో ఉంటుంది. మిగతావన్నీ స్కూల్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకో. మాకు అవి కూడా చెప్పేవాళ్లు లేరు. మీకు వాట్సాప్ గ్రూపులున్నాయి, అపార్ట్‌మెంట్‌లో సగం మంది తెలుగువాళ్లే. మేము కాలింగ్ కార్డు గీకి, ఆ నంబరంతా నొక్కి, అమ్మతో పది నిమిషాలు మాట్లాడేవాళ్లం.

పదో తరగతిలో సోషల్‌లో మా స్కూల్ ఫస్ట్ నేనే. గైడు, బిట్ బ్యాంకు, మ్యాప్ పాయింటింగ్, అంతా కంఠతా. ఆ ధీమాతో బిడ్డను కూర్చోబెట్టి ప్రపంచంలోని దేశాల రాజధానులన్నీ అక్షర క్రమంలో బట్టీ పట్టించాను. అన్నం తినేటప్పుడు కూడా అడిగేదాన్ని. బుర్కినా ఫాసో? వాగడూగూ! తడుముకోకుండా చెప్పేది. తీరా టెస్టులో రాజధానులు ఒక్కటీ అడగలేదు. ఒక మ్యాపు, ఒక ఫొటో ఇచ్చి, జనం ఈ నది పక్కనే ఎందుకు ఇంత కిక్కిరిసి ఉన్నారో రాయమన్నారు. అది ఈజిప్టు, నైలు. మా పిల్ల ఈజిప్టు రాజధాని, భాష, కరెన్సీ రాసి వచ్చింది. పేపర్ మీద టీచర్ ఆకుపచ్చ పెన్నుతో మూడు చోట్ల ఒకటే మాట రాసింది: ఎందుకు? ఎందుకు? ఎందుకు?

నాకు ఒళ్లు మండింది. పిల్లకు అన్నీ తెలిసినా మార్కులు ఇవ్వలేదని ఫోన్ కూడా చేశాను, ఆ వచ్చీరాని ఇంగ్లీషులోనే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ ‘ఎందుకు’ మన పాఖాల చెరువు కట్ట మీద నిలబడితే తెలిసిపోతుంది కదా. మీది నర్సంపేట, నీకు నేను చెప్పాలా? మనది పీఠభూమి, కింద రాయి, వాన పడేది నాలుగు నెలలు, గోదావరి దూరంగా పల్లంలో పారుతుంది. అందుకే కాకతీయులు గుట్టకూ గుట్టకూ మధ్య కట్ట పోసి నీళ్లు ఆపారు. పాఖాల, రామప్ప, లక్నవరం అలా వచ్చాయి. చెరువు ఉన్నచోట ఊరు, ఊరున్నచోట గుడి. మీ బాబుకు ఇది చెప్పు, తర్వాత నైలు వాడే చెప్తాడు. దీనికి గంటకు నలభై డాలర్ల ట్యూషన్ ఎందుకు?

రెండో తప్పు ప్రాజెక్టు దగ్గర. ఏదో ఒక కట్టడం నమూనా చేసుకు రమ్మన్నారు. రెండు రాత్రులు కూర్చొని థర్మకోల్‌తో వేయి స్తంభాల గుడి నేనే చేశాను. నక్షత్రం ఆకారం పీఠం, ముందు నంది. పిల్లను జిగురు కూడా ముట్టనివ్వలేదు, పాడుచేస్తుందని. క్లాసులో టీచర్ అడిగిందట, మూడు గర్భగుళ్లు ఎందుకున్నాయని. శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి అని నాకు తెలుసు, దానికి చెప్పలేదు. ఎప్పుడు కట్టారంటే చాలా పాతది అందట. రుద్రదేవుడు ఆ గుడి కట్టించింది 1163లో. పారిస్‌లో నోత్ర్ దామ్ చర్చి కట్టడం మొదలైందీ 1163లోనే అంటారు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడే తెలిసి ఉంటే పిల్ల తల ఎత్తుకుని చెప్పేది. మీ బాబుతో ఒక తెల్ల కాగితం మీద రెండు గీతలు గీయించు, ఒకటి మన దిక్కుది, ఒకటి లోకానిది. రామప్ప గుడి 1213, రెండేళ్లకు ఇంగ్లాండులో మాగ్నా కార్టా, రాజు అధికారానికి హద్దులు పెట్టిన పత్రం. ఇక్కడ రుద్రమదేవి ఏలుతున్నప్పుడే అటు చైనాలో కుబ్లయ్ ఖాన్. ఓరుగల్లు ఢిల్లీ చేతికి పోయింది 1323. ఇలా పక్కపక్కన పెడితే చాలు, బట్టీ అవసరం లేదు.

(మ్యాపుల్లో కశ్మీర్ దగ్గర చుక్కల గీత కనబడుతుంది. స్కూల్‌కు వెళ్లి గొడవ పెట్టుకోకు. నేను పెట్టుకున్నా, ఏమీ కాలేదు.)

ఇక అసలు సంగతి. నువ్వు ప్రశ్న అంతా మార్కుల గురించే రాశావు. వాడు మధ్యాహ్నం అన్నం ఎవరి పక్కన కూర్చొని తింటున్నాడో ఒక్క ముక్క రాయలేదు. నేను కూడా అడగలేదు, నాలుగు నెలలు. తర్వాత తెలిసింది, నా బిడ్డ లంచ్ టైంలో లైబ్రరీలో కూర్చుంటోందని. డబ్బా మూత తీస్తే పులిహోర వాసనకు పక్కవాళ్లు ఏదో అన్నారట, ఆ రోజు నుంచి తినడమే మానేసింది. డబ్బాలో అన్నం దారిలో చెత్త డబ్బాలో వేసి, ఖాళీ డబ్బా నాకు ఇచ్చేది. నేను మురిసిపోయేదాన్ని, మొత్తం తిన్నదని.

ఇండియా పాఠం వచ్చిన వారం ఇంకా ఘోరం. గంగ, రుతుపవనాలు, కులం, తాజ్‌మహల్, గాంధీ, అన్నీ కొద్ది రోజుల్లో చుట్టేశారు. ప్రతి ప్రశ్నకూ క్లాసంతా మా పిల్ల వైపే తిరిగి చూసేదట. నువ్వు హిందూ మాట్లాడతావా అని అడిగాడట ఒకడు. దేశం మొత్తానికీ పదకొండేళ్ల పిల్ల ఏం జవాబు చెప్తుంది? నేను ఆ బాధ తీరుద్దామని, క్లాసు మొత్తానికీ సకినాలు చేశాను. కార్పెట్ మీద తెల్ల దుప్పటి పరిచి, ఒక్కదాన్నే చుట్టుకుంటూ కూర్చున్నా. నూనె పొగకు స్మోక్ అలారం మోగింది, కిందింటావిడ వచ్చి తలుపు కొట్టింది. మర్నాడు డబ్బా పట్టుకుని పోతే, ఇంట్లో వండినవి పిల్లలకు పెట్టనివ్వరట, అందులో నువ్వులు, అలర్జీ. ఆఫీసు కౌంటర్ మీద నుంచి ఆ స్టీలు డబ్బా అలాగే వెనక్కి తోసింది అక్కడ కూర్చున్నావిడ. నెల రోజులు నేనే తిన్నా, సాయంత్రం టీలో, కిటికీ దగ్గర. అప్పట్లో నా వీసాకు ఉద్యోగం చేయనివ్వరు, డ్రైవింగ్ రాదు. పిల్ల ఒంటరితనం కంటే ముందు నాది చూసుకోవాల్సింది, అది వేరే కథ.

నా బిడ్డకు దోస్తు దొరికింది ఆ సోషల్ క్లాసులోనే. టీచర్ గ్లోబు ఇచ్చి, మీరు పుట్టిన ఊరి అక్షాంశం మీద వేలు పెట్టి పడమరకు పోనివ్వండి, ఏమేం తగులుతాయో రాయండి అన్నదట. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తరం. అరేబియా సముద్రం, ఒమన్, సౌదీ, ఎర్ర సముద్రం, సుడాన్‌లో నైలు, సహారా, అటు ఒడ్డున మారిటానియా రాజధాని నువాక్‌షాట్, అట్లాంటిక్. ఆ గీత మీదే పోతే జమైకాలో కింగ్‌స్టన్ తగిలింది. వెనక బెంచీలో ఒక పిల్ల, మా అమ్మమ్మది అదే ఊరు అందట. ఆ పిల్ల డబ్బాలో కర్రీ గోట్. మసాలా వాసన మన మేకమాంసం కూరకు ఏం తీసిపోదు. 1845 నుంచి మన దేశం నుంచి కూలీలను జమైకా చెరుకు తోటలకు తీసుకుపోయారు కదా, వాళ్ల వెంట పోయిన కూర అది. ఆ రోజు నా బిడ్డ నిజంగానే ఖాళీ డబ్బా తెచ్చింది. మర్నాడు రెండు చపాతీలు ఎక్కువ పెట్టమంది.

ఏడాది తిరక్కుండా ఆ పిల్ల వాళ్ల నాన్నకు వేరే ఊరు బదిలీ అయింది. మళ్లీ మొదటికొచ్చాం. అందుకే చెప్తున్నా, ఒక్క దోస్తు మీద ఆధారపడనివ్వకు. గ్రూప్ ప్రాజెక్టు ఇస్తే మీ ఇంట్లో చేసుకోమను, ఆ నలుగురికీ పిజ్జా తెప్పించు, సకినాల జోలికి పోకు. 62ని 80 చేయడం ఎప్పుడైనా అవుతుంది.

గ్లోబు కొనొద్దు. మా ఇంట్లో ఉంది, బిడ్డ వదిలేసి పోయింది. దక్కన్ దగ్గర వేలు పెట్టీ పెట్టీ రంగు పోయింది, కింగ్‌స్టన్ దగ్గర పెన్నుతో చుక్క ఉంటుంది. శనివారం బాబును తీసుకుని రా. పొద్దున్నుంచీ ఇంట్లోనే ఉంటాను.